హమ్మింగ్ బర్డ్ గురించి ఒక అబద్ధం

అక్క చెప్పిన సంగతుల్లో ఒకటి అబద్ధం. అదేదో చెప్పకుండానే అక్క పోయింది. మూడు నెలలుగా చంటి ఈ రెండు మాటల దగ్గరే కూలబడి ఉంది.

చంటి అంటే పాలు తాగే పసిపిల్ల అనుకునేరు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. మెట్లెక్కితే మోకాళ్లు కలుక్కుమంటాయి, దగ్గరికొక కళ్లజోడు, దూరానికొక కళ్లజోడు. ఇంట్లో ఆఖరిది కాబట్టి ముద్దుకి పెట్టిన పేరు జిడ్డులా పట్టుకుని వదల్లేదు. ముద్దు చేసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ముద్దుపేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ పేరు పెట్టి పిలవడానికి బావ ఒక్కడే ఉన్నాడు, ఆయన అసలే రోజుకి పది మాటల మనిషి.

పగలు చంటి కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో పనిచేస్తుంది. గుండ్రంగా వచ్చిన అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచు నున్న చేసి, బిగించి ఇవ్వడం ఆమె పని. సాయంత్రాలు పిల్లల నవలలు రాస్తుంది. రాస్తుంది అనడం సగం నిజం. అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి రాసేవారు. అక్క బళ్లో సైన్సు టీచరు. ఏ జంతువు గురించి పుస్తకమో తేల్చేది, పదిచోట్ల చదివి సంగతులు పోగేసేది అక్క. వాటికి కథ అల్లి కాగితం మీద పెట్టేది చంటి. అక్క రాస్తే ప్రేమలేఖ కూడా పరీక్ష జవాబులాగే ఉండేది. చంటికి కాకికీ కోయిలకీ తేడా తెలిసేది కాదు. ఇద్దరినీ కలిపితే ఒక రచయిత్రి. ఆ ఒక్క రచయిత్రీ చీమల మీద, తిమింగలం మీద, ఒంటె మీద, ఇంకా కొన్నిటి మీద నవలలు రాసి పిల్లల దగ్గర బాగానే పేరు తెచ్చుకుంది.

వీళ్లకొక అలవాటు ఉండేది. చిన్నప్పుడు చంటికి కామెర్లొచ్చి మంచాన పడింది. అక్క రోజూ బడి నుంచి వచ్చి ఆరోజు పాఠం చెప్పబోయేది, చంటి గోడవైపు తిరిగి పడుకునేది. అక్కకి పౌరుషం వచ్చింది. "ఇప్పుడు నేను చెప్పేవాటిలో ఒకటి అబద్ధం. పట్టుకో చూద్దాం" అంది. అంతే, గోడవైపు తిరిగిన పిల్ల ఇటు తిరిగింది. ఆరోజు నుంచి చెవులు రిక్కించి వినడం మొదలుపెట్టింది. కామెర్లు తగ్గాయి కానీ ఆట తగ్గలేదు.

పుస్తకాలు మొదలయ్యాక కూడా అదే పద్ధతి. కొత్త పుస్తకం అనుకున్నప్పుడల్లా అక్క చంటిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తను పోగేసిన సంగతులన్నీ నోటితోనే చెప్పేది. కాగితం, కలం ఏమీ ఉండకూడదు. అందులో ఒక అబద్ధం కలిపేది, పాలల్లో నీళ్లు కలిపినంత నేర్పుగా. చంటి ఆ అబద్ధం పట్టుకున్నాకే మొదటి వాక్యం రాయాలి. ఒక్క అబద్ధం కోసం అన్నిటినీ తవ్వి చూడాల్సి వచ్చేది, అందుకే వీళ్ల పుస్తకాల్లో ఒక్క తప్పు కూడా ఉండేది కాదు. ఒకవేళ చంటి ఓడిపోతే, పుస్తకం అచ్చుకి వెళ్లేలోపు అక్క తనంతట తానే ఒప్పుకోవాలి. ఆ నియమాన్ని అక్క ఎన్నడూ తప్పలేదు.

చంటి ఓడిపోయింది ఒక్కసారే. ఒంటెలు ఎప్పుడూ ఎడమపక్కకే ఒరిగి పడుకుంటాయని అక్క చెబితే, అది ఎంత ముచ్చటగా ఉందోనని అబద్ధం ఇంకేదో అనుకుని దానిమీద ఏకంగా ఒక అధ్యాయం రాసేసింది. అచ్చుకి పంపే ముందురోజు అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఒసేయ్, నేను ఆ ఒంటె పడక చూశానా, పాడా!" అంది. చంటి ఆ అధ్యాయం మొత్తం తిరగరాసింది. నాలుగు రోజులు అక్కతో మాట్లాడలేదు. అబద్ధం రూఢిగా దొరక్కుండా ఇకమీదట ఒక్క అక్షరం కూడా పెట్టనని ఒట్టేసుకుంది.

హమ్మింగ్ బర్డ్ సంగతులు చెప్పింది ఒక ఆదివారం మధ్యాహ్నం, అక్క ఇంట్లో, అన్నాల బల్ల దగ్గర. అక్కావాళ్లది మూడో అంతస్తు. బావ లిఫ్టు మెకానిక్. ఊరందరినీ పైకీ కిందికీ తిప్పే మనిషి తన ఇంటికి మాత్రం మెట్లెక్కే వెళ్లాలి, ఆ భవనానికి లిఫ్టు లేదు. ముగ్గురూ టీ తాగారు. తర్వాత బావ, పానా ఏదో వెతకాలంటూ బాల్కనీలోకి వెళ్లిపోయాడు. అక్క మొదలుపెట్టింది.

"మన ఇద్దరం పుట్టి బుద్ధెరిగి చూడని పిట్ట ఇది. ఇటు దేశాల్లో లేదు, సముద్రాల అవతలే. వెనక్కి కూడా ఎగురుతుంది, నువ్వు మాటిచ్చి వెనక్కి తగ్గినట్టు. గాల్లో ఒక్కచోట నిలబడి తేనె తాగుతుంది. కాళ్లున్నాయి కానీ నడవలేదు, కొమ్మ మీద కాస్త పక్కకి జరగగలదు, అంతే. గుండె నిమిషానికి వెయ్యిసార్లకి పైగా కొట్టుకుంటుంది. గూడు దేంతో కడుతుందో తెలుసా? సాలెగూటి దారాలతో. పిల్లలు పెరిగేకొద్దీ గూడు సాగుతుంది, కొత్త ఇల్లు అక్కర్లేదు. గుడ్లు బఠాణీ గింజంత. మగపిట్ట గూటి మొహం కూడా చూడదు, అన్నీ తల్లే చూసుకోవాలి."

ఊపిరి తిప్పుకుని మళ్లీ అందుకుంది. చలిరాత్రుల్లో ఒళ్లంతా చల్లబడిపోయి, గుండె నెమ్మదించి, చచ్చినట్టే పడి ఉంటుందంట. తెల్లారాక ఒళ్లు వెచ్చబరుచుకుని లేస్తుందంట. మెడ మీద ఎరుపు మెరుస్తుంది కానీ నిజానికి ఆ ఈకల్లో ఎరుపు రంగే లేదంట, వెలుగు పడే తీరునిబట్టి కనిపిస్తుందంట, తల తిప్పితే నలుపే. ఏ పువ్వులో తేనె తాగేసిందో, అందులో మళ్లీ ఎప్పుడు తేనె ఊరుతుందో గుర్తుపెట్టుకుంటుందంట. చీమలు ఎక్కిన పువ్వుని వాసనతో పసిగట్టి వదిలేస్తుందంట. వాటిలో ఒక రకం పిట్ట, ఎక్కడా వాలకుండా ఏకబిగిన సముద్రం దాటేస్తుందంట.

అన్నీ చెప్పి అక్క లేచి కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. "పట్టుకో చూద్దాం" అన్నదో లేదో చంటికి గుర్తులేదు. నలభై ఏళ్లుగా వింటున్న మాట, అనకపోయినా విన్నట్టే ఉంటుంది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే, బళ్లో టీచర్ల గదిలో జవాబు పత్రాలు దిద్దుతూ అక్క బల్ల మీదికి ఒరిగిపోయింది. తలలో నరమేదో చిట్లిందన్నారు. వచ్చినవాళ్లంతా ఒకే మాట అన్నారు, అదృష్టవంతురాలు, తనకే తెలియకుండా వెళ్లిపోయింది అని. చంటి ఆ మాటని గట్టిగా పట్టుకుంది. అక్కకి ఏమీ తెలియదు. నవ్వుతూ పిట్ట కబుర్లు చెప్పింది, బడికి వెళ్లింది, పోయింది. అంతే.

చంటి ఏడవలేదు. అందరికీ మంచినీళ్లిచ్చింది, కుర్చీలు సర్దింది, అక్క చెప్పులు లెక్కగా అలమరలో పెట్టింది. "ఏడవ్వే, ఏడిస్తే బరువు దిగుతుంది" అని ఒకావిడ వీపు నిమిరింది. చంటి సరేనంది, ఏడుపు రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే పెదవి ఉందో లేదో తెలియదు చూడండి, ఆమెకి మనిషంతా అలాగే ఉంది. టీ పెట్టుకుని మరిచిపోయేది, చల్లారాక తాగేది, చల్లారిందని తెలిసేది కాదు. పనిలో మాత్రం పొరపాటు లేదు. అద్దాల అంచు ఇంతకుముందు కన్నా నున్నగా వస్తోంది. దుకాణం యజమాని ముందు సంతోషించాడు, తర్వాత భయపడ్డాడు. "నువ్వు నాలుగు రోజులు సెలవు తీసుకోమ్మా" అన్నాడు. "ఎందుకండీ?" అంది చంటి. నిజంగానే ఎందుకో తెలియక అడిగింది.

ఒక రోజు ఎడిటరు ఫోన్ చేశాడు. మంచివాడే కానీ మాటకారి. "నెలాఖరుకి మొదటి మూడు అధ్యాయాలైనా ఇవ్వండి మేడమ్. ఈ యేడు పిల్లల పుస్తకాల్లో అదే ముందు వేద్దామనుకున్నాం. ఇక ఆపలేను, మీరు రాయకపోతే ఆ పుస్తకం అక్కడితో పోయినట్టే. మీరూ ఆ పిట్టలాగే చల్లబడి నిద్రలో ఉన్నారు, లేవాలి మేడమ్" అన్నాడు. అక్క ఉంటే ఆ ఆఖరి వాక్యం ఎర్రసిరాతో కొట్టేసేది.

"అబద్ధం ఇంకా దొరకలేదు సర్" అంది చంటి.

ఎడిటరుకి వాళ్ల ఆట తెలుసు. "అన్నీ నిజమనుకునే రాసేయండి. నేను ఎవరినైనా చదివించి సరిచూపిస్తాను."

"మీ సరిచూపుకి దొరికేటట్టు మా అక్క అబద్ధం ఆడదు సర్."

చంటికి కావలసింది ఒక్కటే. ఆ అబద్ధం దొరకాలి. దొరక్కుండా రాస్తే అక్క పేరు మీద పిల్లలు తప్పు చదువుతారు. రాయకపోతే అక్క ఆఖరి పుస్తకం గాలికి పోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ అబద్ధం దొరికేదాకా అక్కతో ఆట ఇంకా నడుస్తున్నట్టే. అందుకని వెతుకుతున్నప్పుడు తొందరపడేది కాదు, అలాగని ఒక్క సాయంత్రం కూడా మానేది కాదు.

గ్రంథాలయంలో పక్షుల పుస్తకాలున్న బీరువా పక్కన కిటికీ, కిటికీ కింద ఒక కాలు ఊగే బల్ల. చంటి దాని కింద మడిచిన కాగితం పెట్టి అక్కడే మకాం వేసింది. వెనక్కి ఎగరడం నిజమే. సాలెగూటి దారం నిజమే. మగపిట్ట నిర్వాకం నిజమే. ఆ పేజీ చూసిన లైబ్రేరియన్ "మా ఆయనకి చూపిస్తానుండండి" అంది. వెయ్యిసార్లు కొట్టుకునే గుండె దగ్గర చంటికి ఆశ కలిగింది, అంత పెద్ద సంఖ్యలోనే అక్క ఏదో దాచి ఉంటుందనుకుంది. అదీ నిజమే. ఒక్కొక్క నిజం తేలినప్పుడల్లా సంతోషించాలో దిగులుపడాలో తెలిసేది కాదు. తెలిసినా ఏదీ కలిగేది కాదు.

మెడ మీద ఎరుపు సంగతి దుకాణంలోనే తేలిపోయింది. వెలుగు కంట్లో కొట్టకుండా పూత పూసిన అద్దాలు వస్తాయి. పక్కకి వంచితే వాటి మీద ఆకుపచ్చ మెరుపు తేలుతుంది. అద్దంలో ఆకుపచ్చ రంగు చుక్క కూడా ఉండదు. పూత పొర మందాన్నిబట్టి వెలుగు అలా తిరుగుతుంది. ఇన్నేళ్లుగా రోజుకి పాతికసార్లు చూస్తున్న మెరుపుని చంటి చేతిలో అటూ ఇటూ వంచి చూసింది. పిట్ట మెడ కూడా ఇలాంటిదే అయి ఉంటుందనుకుంది. పుస్తకాలు కూడా అవునన్నాయి.

అప్పుడే ఒక పెద్దాయన కళ్లజోడు కోసం వచ్చి, యజమాని నోట హమ్మింగ్ బర్డ్ మాట విని, "అయ్యో, దానికంత వెతకడమెందుకమ్మా? మా బాల్కనీలో కుండీ దగ్గరికి రోజూ వస్తుంది" అన్నాడు.

"అది తేనెపిట్టండి. చాలావరకు కొమ్మ మీద వాలే తాగుతుంది. హమ్మింగ్ బర్డ్ ఇక్కడ ఉండదు" అంది చంటి.

"నేను చూశానంటే ఉండదంటావేంటమ్మా!"

"మీ పాత నంబరు చూశానండీ. దానితో అయితే మీకు పావురం కూడా హమ్మింగ్ బర్డ్‌లాగే ఉంటుంది."

యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. పెద్దాయన కూడా నవ్వాడు. మనిషి తేరుకుంటోందని యజమాని ఆరోజు ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు. చంటి మాత్రం ఆ మాట అలవాటుగా అన్నది, నోరు తనంతట తానే పనిచేసింది.

చీమల పువ్వు దగ్గర మాత్రం చిక్కింది. ఒక లావుపాటి పాత పుస్తకం, అట్ట మీద బంగారు అక్షరాలు, ఈ జాతి పిట్టలకి వాసన తెలియనే తెలియదని నొక్కి చెప్పింది. చంటి ఆ వాక్యం మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. దొరికింది. అక్క అబద్ధం ఇదే. చీమలట, వాసనట, ఎంత ముద్దుగా అల్లింది! గెలిచానని అనుకుంది, అనుకున్నాక లోపల ఏదైనా కదులుతుందేమోనని ఎదురుచూసింది. ఏదీ కదల్లేదు. పుస్తకం మూసి, బల్ల కాలి కింది కాగితం తీసి చెత్తబుట్టలో వేసి, ఇంటికి వచ్చేసింది.

ఒంటె చేసిన గాయం ఉంది కదా, అందుకని పక్షుల మీద పనిచేసే ఒక ప్రొఫెసరుకి కూడా రాసి అడిగింది. ఆయన మూడు ముక్కల్లో జవాబిచ్చాడు. మీరు చూసిన పుస్తకం పాతది, ఈమధ్యే పరీక్షించి చూశారు, చీమల వాసన తగిలితే ఆ పిట్టలు తప్పుకుంటున్నాయి, మీకు చెప్పినవారెవరో కొత్త సంగతులు బాగా చదివినట్టున్నారు అన్నాడు. చంటి ఆ జవాబుని దుకాణంలో, మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి పెట్టుకుని చదివింది. చదివాక డబ్బా మూసేసింది.

కాళ్లు, గుడ్లు, సముద్రం దాటడం అప్పటికే నిజమని తేలాయి. ఇంక మిగిలినవి రెండే. పువ్వుల్ని గుర్తుపెట్టుకోవడం ఒకటి, చలిరాత్రి నిద్ర ఒకటి. అవి కూడా ఆ వారంలోనే నిజమని తేలిపోయాయి. అక్క చెప్పినవన్నీ నిజాలే.

ఆ శనివారం చంటి ఒక పిల్ల కళ్లజోడుకి అద్దం అరగదీస్తోంది. చక్రం తిరుగుతోంది, నీళ్లు కారుతున్నాయి, చేయి దాని పని అది చేసుకుంటోంది. అక్క ఎందుకు మరిచిపోయిందబ్బా అనుకుంది. మరిచిపోవడమా, అక్కా? నలభై ఏళ్లలో ఒక్కసారీ మరవలేదు. జ్వరంతో ఉన్నప్పుడు కూడా మరవలేదు. బావని పెళ్లి చేసుకోబోయే ముందు ఆయన గురించి చెప్పినప్పుడు కూడా ఒక అబద్ధం కలిపింది, ఆయన పాడతాడని. అక్క కావాలనే కలపలేదు. ఎందుకు కలపదు? అబద్ధం ఆడినవాళ్లు అచ్చుకి వెళ్లేలోపు ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి తనుంటానో లేదో తెలియని మనిషైతే అబద్ధం ఆడదు.

చంటి చక్రం ఆపింది. అద్దం ఒక పక్క ఎక్కువ అరిగిపోయింది. యజమాని తొంగిచూసి, ఈమె చేతిలో అద్దం పాడవడం చూసి, కొత్త అద్దం ఒకటి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బావ ఇంటికి వెళ్లింది. మూడంతస్తులూ ఆగకుండా ఎక్కింది. బావ లుంగీ మీదున్నాడు, పొయ్యి మీద గిన్నెలో గుడ్లు ఉడుకుతున్నాయి. "రా చంటీ. తిన్నావా?" అన్నాడు.

"అక్కకి తెలుసా బావా?"

ఏం తెలుసా అని బావ అడగలేదు. అడగకపోవడంతోనే చంటికి జవాబు దొరికిపోయింది. ఆయన వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆపి, వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"తలనొప్పని స్కాన్ తీయించాం. లోపల నరం బుడగలా ఉబ్బిందన్నారు. చెడ్డచోట ఉంది, కత్తి పెడితే బల్ల మీదే పోవచ్చన్నారు. పెట్టకపోతే ఇరవై ఏళ్లు అలాగే ఉండిపోవచ్చు, రేపే పోవచ్చన్నారు. వద్దంది. బడికి వెళ్లొస్తానంది."

"ఎప్పుడు?"

"నీకు పిట్ట సంగతులు చెప్పడానికి వారం ముందు."

చంటి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆ ఆదివారం కూర్చున్న కుర్చీయే. "ఆరోజు ముగ్గురం ఇక్కడే టీ తాగాం."

"అవును."

"మీ ఇద్దరికీ తెలుసు."

"అవును. అందుకే నేను బాల్కనీలోకి వెళ్లిపోయాను. నా మొహం చూస్తే నీకు తెలిసిపోద్దని తనే వెళ్లమంది."

"నాకు చెప్పాలని మీలో ఒక్కరికైనా అనిపించలేదా?"

"నాకు అనిపించింది. అది ఒట్టు పెట్టించుకుంది. పుస్తకం అయ్యేదాకా చెప్పొద్దంది. చెప్తే నువ్వు పుస్తకం వదిలేసి దాని మొహం చూస్తూ కూర్చుంటావంట."

"కూర్చునేదాన్ని!" అని అరిచింది చంటి. "కూర్చునేదాన్ని బావా! కూర్చుంటే ఏం? ఉన్న ఆ నాలుగు వారాలూ దాని మొహమే చూసేదాన్ని! నేను ఆ నాలుగు వారాలూ ఏం చేశానో తెలుసా? పరదాలు కొనుక్కున్నాను. రంగు నచ్చలేదని తిరిగిచ్చి మళ్లీ కొనుక్కున్నాను. ఒక ఆదివారం రమ్మంటే పరదాలు తగిలించుకోవాలి రానన్నాను!"

చంటికి ఒళ్లు మండిపోయింది. మూడు నెలల తర్వాత ఆమెకి మొదటగా కలిగింది కోపమే, అదీ పోయిన మనిషి మీద. తెలియకుండా పోయిందని ఊరంతా అన్నమాటని పట్టుకుని తను ఇన్నాళ్లూ నిలబడింది. తెలియనిది తనకొక్కదానికే.

బావ తల దించుకుని బల్ల మీద వేలితో గీతలు గీస్తున్నాడు. ఆ వేళ్లలో గ్రీజు ఎన్నేళ్లు కడిగినా పోదు.

"పోనీ అబద్ధమైనా ఒకటి చెప్పి పోవాల్సింది" అంది చంటి. గొంతు తగ్గింది. "బతికినంతకాలం వెతుక్కునేదాన్ని. నాకు చేతినిండా పనైనా ఉండేది."

"అందుకే వద్దనుకుంది. నువ్వలాగే వెతుక్కుంటూ కూర్చుంటావని భయపడింది. ఒకటి సిద్ధం చేసుకుంది కూడా. ముందురోజు నా మీద ప్రయోగించింది, ఎప్పటిలాగే. పొద్దున్నకి మనసు మార్చుకుంది. ఒప్పుకోవడానికి నేను లేకపోతే ఎలా అంది. మంచి అబద్ధం దండగైపోయిందని కాసేపు బాధపడింది."

చంటి తలెత్తింది. "ఏంటది?"

"ఏది?"

"ఆ అబద్ధం బావా."

బావ మొహంలో నవ్వులాంటిది వచ్చింది. "హమ్మింగ్ బర్డ్ నిద్రలో గురక పెడుతుందని."

అక్క గురక సంగతి ఇక్కడ చెప్పాలి. అక్క పడుకుంటే గోడ అవతలివాళ్లకి కూడా తెలిసేది. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకున్నన్నాళ్లూ చంటి చెవుల్లో దూది పెట్టుకునే నిద్రపోయింది. అక్క మాత్రం చచ్చినా ఒప్పుకునేది కాదు. తనకి గురకే రాదని, చంటికి చెవుల్లో హోరని వాదించేది. బావ వచ్చాక సాక్ష్యం బలపడినా అక్క వాదన మారలేదు.

"అంత చిన్న పిట్టకి గురకేంటని నువ్వు చిటికెలో పట్టేస్తావంది" అన్నాడు బావ. "ఈసారికి సులువైంది ఇద్దామనుకుంది."

"అది నిజం బావా" అంది చంటి.

"ఏది నిజం?"

"గురక. నిజంగానే పెడుతుంది. చలినిద్ర సంగతి సరిచూస్తుంటే మొన్నే దొరికింది. ఒక పిట్టని గాజుపెట్టెలో ఉంచి ఊపిరి కొలిచారంట. నిద్రలోంచి తేరుకునేటప్పుడు ఊపిరి తీసినప్పుడల్లా కీచుమంటుంది. అది గురకో, లేవడానికి పడే తంటాలో తేల్చి చెప్పలేమంటారు కానీ, వింటే మాత్రం గురకే. నేను విన్నాను. ఫోను చెవికి ఆనించుకుని విన్నాను."

బావ నోరు తెరిచాడు. "మీ అక్కకి తెలియదా?"

"తెలియదు! తెలిస్తే అబద్ధమని ఎందుకు కలుపుతుంది? నోటికొచ్చింది అల్లింది, అది కాస్తా నిజమై కూర్చుంది!"

చంటికి నవ్వొచ్చింది. కడుపులోంచి తన్నుకుంటూ వచ్చింది. ఇన్ని చదివిన అక్క, ఇంతమందికి పాఠాలు చెప్పిన అక్క, ఒంటె దగ్గర తనని అంత ఏడిపించిన అక్క, ఆఖరికి ఒక్క అబద్ధం కూడా సరిగ్గా ఆడలేకపోయింది. నలభై ఏళ్లలో మొదటిసారి అక్కకి తెలియని సంగతి చంటికి తెలిసింది, అదీ పిట్టల్లో, అదీ గురక విషయంలో. ఊపిరాడక బల్ల పట్టుకుంది. బావ కూడా భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

"ఉండండి, దీని పని చెప్తాను" అంటూ లేచింది. నవ్వుతూనే నాలుగడుగులు వేసి వంటింటి గుమ్మంలోకి వచ్చి, "ఏమే, నీ గురక..." అంది.

వంటింట్లో గిన్నెలో రెండు గుడ్లు ఉన్నాయి. బోర్లించిన కప్పు ఒకటి, తడి గుడ్డ ఒకటి. కిటికీలోంచి ఎండ పడి గట్టంతా వెలుగ్గా ఉంది.

ఈ మూడు నెలల్లో ఒక్క క్షణం కూడా చంటి అక్క పోయిన సంగతి మరిచిపోలేదు. నిద్రలోనూ తెలుసు, పనిలోనూ తెలుసు, బస్సులో టికెట్టు తీసుకుంటున్నప్పుడూ తెలుసు. ఇప్పుడు మరిచిపోయింది. మరిచిపోయి, గుమ్మం దాకా వచ్చి, గుర్తు తెచ్చుకుంది. అక్క లేదు. చంటి గుమ్మం పట్టుకుని కిందికి జారి కూర్చుని ఏడ్చింది. కడుపు చేత్తో నొక్కుకుని, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా, అక్కా అక్కా అని పైకే అంటూ, కింది అంతస్తువాళ్లు వింటారన్న సిగ్గు లేకుండా ఏడ్చింది.

చాలాసేపటికి బావ వచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన కళ్లు కూడా తడిగానే ఉన్నాయి.

"దానికి ఏదో చెప్పాలనుకున్నావుగా" అన్నాడు. "నాకు చెప్పు చంటీ. నేను వింటాను."

చంటి తల అడ్డంగా ఊపింది. అది అక్కకే చెప్పాలి.